రాయికి కుట్టిన తెర

దర్జీ "రేపు" అన్నాడంటే అది క్యాలెండరులో ఉండే రేపు కాదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ రేపటికి ముందు కనీసం మూడు రేపులు గడవాలి. అలాగని ఆయన అబద్ధాలకోరు కాడు. గుడ్డ తెచ్చిన మనిషి ముఖంలోకి చూసి "పది రోజులు పడుతుంది" అనడానికి ఆయనకు నోరు రాదు, అంతే. పెళ్ళికి కుట్టమన్న ప్యాంటు పెళ్ళికొడుకు తండ్రయ్యాక చేతికిచ్చాడని ఆయన మీద ఒక కథ ప్రచారంలో ఉంది. అది కిట్టనివాళ్ళు పుట్టించిందనీ, తాను ఇచ్చింది పెళ్ళయిన నాలుగో నాడేననీ ఆయనే సరిదిద్దుతాడు. అయినా గిరాకీ మాత్రం తగ్గలేదు. ఒకరి కత్తెర పడ్డ గుడ్డను మరొకరు ముట్టుకోకూడదన్నది ఆ ఊరి దర్జీల కట్టుబాటు. కుట్టడం ఎప్పుడైనా కానీ, కత్తెర మాత్రం ఆయన గుడ్డ తీసుకున్న రోజే వేసేస్తాడు. ఇక ఆ మనిషి ఎక్కడికి పోతాడు?

ఆయన మునిసిపల్ మెంబరు కావడం కూడా పిట్టపోరు పిల్లి తీర్చిన వ్యవహారమే. ఏడో వార్డులో ఇద్దరు పెద్దల మనుషులు ఒకరి ఓట్లు ఒకరు తినేస్తే, నడుమ ఈయన పదహారు ఓట్ల తేడాతో బయటపడ్డాడు. అది జరిగి నాలుగున్నరేళ్ళు దాటింది. సమావేశాల్లో ఆయన ఇంతవరకూ పలికిన మాటలు రెండే. ఒకటి "హాజరు", రెండోది "టీ చాలు".

సోమవారం పొద్దున్నే చైర్మన్ స్వయంగా షాపు మెట్లెక్కాడు. కొలతలివ్వాలంటే దర్జీనే ఇంటికి పిలిపించుకునే మనిషి. దర్జీ పుస్తకంలో ఆయన నడుము మొదటి విడత పదవిలో ముప్పై రెండు, రెండో విడతలో ముప్పై ఏడు, ఈ విడత నలభై రెండు. అలాంటి నడుముతో ఆ ఇరుకు మెట్లు ఎక్కి వచ్చాడంటే పని పెద్దదే అయి ఉంటుందని దర్జీ మిషను పెడల్ మీద నుంచి కాళ్ళు తీసి లేచి నిలబడ్డాడు.

చైర్మన్ ముదురు ఎరుపు మఖమలు గుడ్డ కత్తిరింపు బల్ల మీద పరిచి, పిల్లి వీపు నిమిరినట్టు నిమిరాడు. గురువారం సమావేశానికి తెర కావాలన్నాడు. రెండు రెక్కలుండాలి, తాడు లాగితే అటూ ఇటూ తప్పుకోవాలి, నడుమ శిలాఫలకం కనిపించాలి. క్రితంసారి నీళ్ళ ట్యాంకు దగ్గర తాడు తెగి తన చేతిలోకి వచ్చిందనీ, ఆ ఫోటోలో తాను గేదెను వదిలేసినవాడిలా నిలబడి ఉన్నాననీ చెప్పి నవ్వాడు. ఆయన నవ్వితే ఎదుటివాళ్ళు కూడా నవ్వాలి, అది ఆ ఊరి ఇంకో కట్టుబాటు.

అసలు సంగతి దర్జీకి తెలియనిదేం కాదు. ఆ ఏడాది బడ్జెట్టులో జీతాలూ, పైపులూ పోను ఒక్క పనికే నిధులు మిగిలాయి. ఊరి మొదట్లో స్వాగత ద్వారం కట్టాలని చైర్మన్ పట్టు. ఏడో వార్డులో పెద్ద మురుగు కాలువ మీద వంతెన కట్టాలని కలప అడితి మెంబరు పట్టు. అడితి మెంబరుకి వంతెన మీద ప్రేమేమీ లేదు. చైర్మన్ వంతెన అని ఉంటే ఆయన ద్వారం అనేవాడు. మొత్తం పదకొండు మందిలో చైర్మన్‌తో కలిపి ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. మిగిలింది దర్జీ. ఆ మాట చైర్మన్ ఎత్తనే లేదు. మెట్లు దిగుతూ దర్జీ భుజం మీద చెయ్యి వేశాడు.

"రాయి మేస్త్రి దగ్గర తయారవుతోంది తమ్ముడూ. కొలత ఇంకెవరి చేతా తెప్పించుకోకు. నువ్వే వెళ్ళి, నీ కళ్ళతో చూసుకుని తీసుకో."

ఆయన ఇటు వెళ్ళాడో లేదో, అటు నుంచి కాజాల అత్త చెప్పులు చేత్తో పట్టుకుని, నెత్తిన మూటతో వచ్చింది. ఆవిడ ఎవరికీ అత్త కాదు, అందరికీ అత్తే. అరవై దాటిన మనిషి. చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టడం ఆవిడ పని. దారం లాగి ముడి వేసిందంటే బొత్తాం ఊడాలి తప్ప కాజా విచ్చుకోదు. ఇల్లు కాలువ అవతల. కాలువ మీద ఉన్నది ఒకే ఒక చెక్కబల్ల, ఒక కొస ఇనుప తీగతో కట్టి ఉంటుంది, రెండో కొస దేవుడి దయ మీద ఉంటుంది. పోయిన వానలకి ఆవిడ జారి మడమ బెణికించుకుని పదిహేను రోజులు మంచాన పడితే, ఊళ్ళో పద్నాలుగు చొక్కాలు పిన్నీసులతో తిరిగాయి.

మూట దించి విప్పుతూ మఖమలు వంక చూసింది. ఎవరికని అడిగితే దర్జీ రాయికన్నాడు.

"మనుషులకి బొత్తాలు లేవు గానీ రాళ్ళకి పరదాలా," అని ముక్కున వేలేసుకుంది. తరువాత షరామామూలుగా తన రాయి కథ ఎత్తుకుంది. పన్నెండేళ్ళ కింద కాలువ గట్టున వంతెనకి రాయి పాతారు, ఆవిడ ముందు వరసలో నిలబడి చూసింది, గ్లాసుడు టీ కూడా ఇచ్చారు. తరువాత ఒక వానాకాలంలో రాయి లేచి ఎటో వెళ్ళిపోయింది. ఈ కథ ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఆఫీసులో అడిగితే అలాంటి కాగితమే లేదన్నారు. ఆ గ్లాసులో పోసింది టీ అయి ఉండదని కుర్రకారు ఆవిడ వెనక నవ్వుకుంటారు. దర్జీ షాపు అప్పట్లో ఊరికి ఆ చివర ఉండేది, ఆయన ఏ రాయీ చూడలేదు. అందుకని ఆయన కూడా రెండు మూడుసార్లు నవ్వాడు.

"గురువారం కదా చేతులెత్తేది," అంది ఆవిడ లేస్తూ. ఎన్నికలప్పుడు ఆయన ఆవిడ గుమ్మంలో నిలబడి వంతెన తెప్పిస్తానని మాటిచ్చాడు. ఆవిడ ఆ మాట ఎత్తలేదు, కాజాలు కుట్టాల్సిన చొక్కాలు లెక్కపెట్టుకుని మూట కట్టుకుంది.

దర్జీ గురువారమేనన్నాడు. ఆవిడ వెళ్ళాక మఖమలుకి ఒక కత్తెర గాటు పెట్టాడు. ఇక ఆ గుడ్డ ఆయనది.

*

మంగళవారం మధ్యాహ్నం మెడలో టేపు వేసుకుని రాళ్ళ మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు. మేస్త్రి మందపాటి కళ్ళద్దాలు పెట్టుకుని, రాతి పొడితో కనుబొమలు తెల్లబడి, ఉలి నీళ్ళలో ముంచుకుంటున్నాడు. రాయి గోడకి ఆనించి ఉంది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, నల్లటి రాయి. దర్జీ వంగి టేపు పట్టుకుని పైనుంచి కిందికి కొలుస్తూ వచ్చి, చివరి వరస దగ్గర ఆగిపోయాడు.

అక్కడ తన పేరుంది. ఇంటిపేరుతో సహా ఉంది. చివర 'గారు' అని కూడా ఉంది.

ఆయన పేరు ఇంతవరకూ దేని మీదా లేదు. షాపు బోర్డు మీద కూడా కత్తెర బొమ్మే తప్ప పేరు లేదు. చిన్నప్పుడు బళ్ళో బల్ల మీద మొదటి అక్షరం చెక్కుతూ దొరికిపోయి దెబ్బలు తిన్నాడు, మిగతా అక్షరాలు అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు అవన్నీ వరసగా, ఒక్కటీ తగ్గకుండా, రాతిలో కూర్చుని ఉన్నాయి. మేస్త్రి చూడటం లేదని రూఢి చేసుకుని చూపుడువేలు తీసుకెళ్ళి అక్షరాల గాడిలో పెట్టి నడిపించాడు. వేలికి రాతిపొడి అంటింది. ఆయనకి నిజంగానే కళ్ళు చెమర్చాయి.

పైన ఉన్నది తరువాత చదివాడు. 'సభ్యుల ఏకగ్రీవ తీర్మానం మేరకు నిర్మించిన స్వాగత ద్వారం' అని ఉంది. కింద గురువారం తేదీ ఉంది. ఇంకా రెండు రోజుల తరువాత ఎత్తాల్సిన చెయ్యి అప్పుడే రాతిలో లేచి ఉంది. ఇది తప్పు కదా అని ఆయనకి తోచింది. తోచినా, ఆ తోచడం పేరు చూసిన సంతోషానికి కొంచెం కింద ఉండిపోయింది.

ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"రాతి మీద పేరు పోయినవాళ్ళకి కదండీ వేయిస్తారు," అంది తలెత్తకుండా.

ఇది వేరే రాయని ఆయన ఓపిగ్గా వివరించాడు. రేపు మనవలు ఆ దారిన పోతూ చదువుకుంటారన్నాడు. ముందు మీకు తప్ప అందరికీ కనబడే ఆ కాలువ మీద బల్ల సంగతి చూడండని ఆవిడ అంది. కాలువ తనకి కనబడకపోవడమేమిటని ఆయన కోప్పడ్డాడు. ఆవిడ చాట దులిపి, ఆ బల్ల ఆఖరుసారి ఎప్పుడు దాటారో చెప్పమంది. ఆయన ఆలోచించాడు. మూట తీసుకుని అత్తే వస్తుంది, అత్తే వెళుతుంది. ఆయన దాటింది ఓట్లు అడగడానికే. లేచి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

ఆ సాయంత్రమంతా ఆయన కుడిచెయ్యి తన మాట వినలేదు. ఒకసారి గోడ మీద దీపం మీట కోసమనీ, ఒకసారి అటక మీద డబ్బా కోసమనీ ఊరికే పైకి లేస్తూ ఉంది. భార్య చూసి, ఇప్పటి నుంచే సాధన చేస్తున్నారా అని అడిగింది.

*

బుధవారం మళ్ళీ మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు. కొలతలో అనుమానం వచ్చిందని చెప్పాడు. అనుమానమేమీ లేదు, పేరు ఇంకోసారి చూసుకోవాలని వెళ్ళాడు. మేస్త్రికి ఇది కొత్త కాదు. ఆ వారంలో నలుగురు మెంబర్లు నాలుగు రకాల అనుమానాలతో వచ్చి వెళ్ళారు.

పేరు చూసుకున్నాక, వచ్చినందుకు ఏదో ఒకటి కొలవాలి కదా అని రాయి మందం కొలవబోయాడు. గుడ్డ చేతిలోకి రాగానే తిరగేసి వెనకవైపు నిమరడం ఆయనకి ముప్పై ఏళ్ళ అలవాటు. ముందువైపు ఏ గుడ్డయినా ముస్తాబు చేసుకునే వస్తుంది, నాణ్యం తెలిసేది వెనకవైపే. ఆ అలవాటు కొద్దీ రాయికీ గోడకీ మధ్య చెయ్యి దూర్చి నిమిరాడు. రాయి వెనక నునుపుగా లేదు. వేళ్ళకి గాళ్ళు తగిలాయి. గాళ్ళు వరసలుగా ఉన్నాయి.

"వెనక ఏమిటి మేస్త్రీ?"

"అది కూడా నా చెక్కుడే," అన్నాడు మేస్త్రి గర్వంగా.

ఇద్దరూ కలిసి రాయిని గోడ నుంచి ఒక జానెడు ముందుకి జరిపారు. దర్జీ తల పక్కకి వంచి ఆ సందులోకి దూర్చి, ఒక్కొక్క మాటే కూడబలుక్కున్నాడు. 'ఏడవ వార్డు మురుగు కాలువపై వంతెన నిర్మాణానికి శంకుస్థాపన.' కింద చైర్మన్ పేరు. అప్పుడూ చైర్మన్ ఈయనే, నడుము ముప్పై రెండు నాటి సంగతి. తేదీ పన్నెండేళ్ళ కిందటిది.

మేస్త్రి దాపరికం లేకుండా చెప్పాడు. ఒక వానాకాలంలో కాలువ గట్టు విరిగి రాయి పడిపోతే, చెత్త బండివాళ్ళు తెచ్చి ఆయన పెరట్లో పడేశారు. ఎవరైనా అడుగుతారని ఇన్నాళ్ళు ఉంచాడు. ఎవరూ అడగలేదు. ఇప్పుడు చైర్మన్ నాలుగు రోజుల్లో ఫలకం కావాలని కబురు పెట్టాడు, కొత్త రాయి రావాలంటే వారం. మంచి రాయి, వెనకవైపు ఖాళీగా పడి ఉంది. ఆ సంగతి చైర్మన్‌కి తెలుసా అని దర్జీ అడిగితే, ఆయన రాయి అడిగాడు గానీ రాయి పుట్టుపూర్వోత్తరాలు అడగలేదన్నాడు.

"నిజం చెప్పాలంటే వెనకదే అసలు పని," అని మేస్త్రి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అప్పుడు చూపు బాగుండేది. ఆ ఒంపులు చూడు. ఇప్పుడు చెక్కినవి దాని ముందు కోడి గీతలు. అంత పని గోడవైపు పెట్టేస్తున్నానని కడుపు తరుక్కుపోతోందంటే నమ్ము."

దర్జీకి ఆ మాటలు సగమే వినిపించాయి. కాజాల అత్త అబద్ధం ఆడలేదు. రాయి పాతారు, ఆవిడ ముందు వరసలో నిలబడి చూసింది, టీ కూడా తాగింది. పన్నెండేళ్ళుగా ఊరంతా ఆవిడని మతిలేని మనిషిని చేసింది. అందులో తన నవ్వు కూడా ఉంది. ఆయన ముఖం కాలిపోయినట్టయింది. ఇంత సిగ్గు ఆయన ఏ పెళ్ళికొడుకు ముందూ పడలేదు.

అక్కడి నుంచి తిన్నగా కాలువ దగ్గరికి వెళ్ళాడు. బల్ల మీద నాలుగడుగులు నిలబడి నడిచాడు. నడుమకి వచ్చేసరికి బల్ల ఊగింది. అంతే, ఏడో వార్డు మెంబరుగారు చేతులూ మోకాళ్ళూ ఆనించి, టేపు మెడ నుంచి వేలాడుతుండగా, మిగతా దూరం పాకుతూ అవతలి గట్టు చేరాడు. గట్టు మీద బట్టలు ఆరేసుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు ఇటు తిరగకుండా నవ్వుకున్నారు.

కాజాల అత్త గుమ్మంలో వెలుతురుకి కూర్చుని చొక్కా పట్టీ మీద కాజా కుడుతోంది. ఆయన మోకాళ్ళ మీది బురద చూసి, మళ్ళీ కాజా మీదికి వంగింది.

"నీ రాయి దొరికింది అత్తా."

ఆవిడ సూది ఆగలేదు. ఎక్కడ, ఎలా అని ఆయన చెప్పుకుపోతుంటే కాజా చుట్టూ తిప్పి, ముడి వేసి, దారం పంటితో తెంపింది. తరువాత చొక్కా ఒళ్ళో పెట్టుకుని కాలువ వంక చూసింది.

"టీ కూడా ఇచ్చారు," అంది.

"ఇచ్చారు అత్తా. ఇచ్చే ఉంటారు."

"చక్కెర ఎక్కువైంది," అని కళ్ళు కొంగుతో ఒత్తుకుంది. వెంటనే తేరుకుని ఇంకో చొక్కా అందుకుంది. "సరే, దొరికితే దొరికింది. రాయిని నేనేం చేసుకుంటాను నాయనా? రాయి నేను పన్నెండేళ్ళ కిందే చూశాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని, వాళ్ళు రాయి పాతి ఏరు దాటేశారు. నేనే ఇటు ఉండిపోయాను."

తిరిగి వస్తూ ఆయన బల్ల మీద మళ్ళీ పాకాడు. ఈసారి ఎవరు నవ్వుతున్నారో చూసుకోలేదు.

*

గురువారం మఖమలు తెర తయారు కాలేదు. ఇందులో కుట్రేమీ లేదు. అది మామూలుగానే తయారు కాలేదు. చైర్మన్ పళ్ళు నూరాడు. సమావేశం హాల్లోనే రాయిని మేజా మీద నిలబెట్టి, ముందు పేర్లు చూపించి, ఆ వేడి మీదే చేతులెత్తించాలని ఆయన ఏర్పాటు. ఫోటోగ్రాఫరు కూడా వచ్చి కూర్చున్నాడు. చివరికి టీ బల్ల మీది ఆకుపచ్చ గుడ్డ లాగి, ఈ నిర్వాకం నీదే కనక కనీసం కుచ్చిళ్ళు సరిగా పడేట్టు నువ్వే కప్పి ఏడువమని దర్జీ చేతిలో పెట్టి, అధికారులతో మాట్లాడటానికి పక్క గదిలోకి వెళ్ళాడు.

హాల్లో దర్జీ, మేస్త్రి, రాయి మిగిలారు. దర్జీ మేస్త్రి వంక చూశాడు. ఏదో చెప్పబోయాడు. మేస్త్రి అప్పటికే చేతులకి ఉమ్ము రాసుకుని రాయి ఒక అంచు పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళకి ఒక్కరైనా అడుగుతున్నారు," అన్నాడు. ఇద్దరూ కలిసి రాయిని తిప్పారు. దర్జీ ఆకుపచ్చ గుడ్డ కప్పి, కుచ్చిళ్ళు సర్ది, ఒక టీ మరక వెనక్కి పోయేట్టు మడిచాడు. తన పేరు గోడవైపు వెళ్ళిపోవడం ఆయన చూశాడు. లోపల ఎక్కడో చిన్న కుట్టు తెగినట్టయింది. అయినా చేతులు ఆగలేదు.

మెంబర్లు వచ్చి కూర్చున్నారు. చైర్మన్ ఫోటోగ్రాఫరు వైపు తిరిగి, పెదాల మీద నవ్వు నిలబెట్టి, రాయి వంక చూడకుండానే గుడ్డ లాగాడు. మన ఊరి గౌరవానికి గుర్తుగా ఈ ద్వారం, అని మొదలుపెట్టాడు. గౌరవం గురించి నాలుగు వాక్యాలు చెప్పాక, ఎవరూ తనని చూడటం లేదని గమనించాడు. కలప అడితి మెంబరు లేచి, కళ్ళజోడు పెట్టుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు పైకి చదివాడు. వంతెన, శంకుస్థాపన, చైర్మన్ పేరు, పన్నెండేళ్ళ కిందటి తేదీ.

చైర్మన్ రాయిని చూశాడు. మేస్త్రిని చూశాడు. తరువాత దర్జీని చూశాడు. దర్జీ లేచాడు. నాలుగున్నరేళ్ళలో ఆయన లేవడం అదే మొదలు కాబట్టి, టీ కావాలేమోనని అటెండరు ముందుకొచ్చాడు.

"కాలరు అరిగిపోతే విప్పి తిప్పి కుడతాం అన్నగారూ," అన్నాడు దర్జీ. "రాయి కూడా తిప్పి చూశాను. ఇటువైపు మాట ఇంకా అరగలేదు. ఎవరూ వాడలేదు. నా చెయ్యి వంతెనకి."

చెయ్యి ఎత్తాడు. అది ఈసారి చెప్పినట్టు విని లేచింది.

తరువాత ఏం జరుగుతుందో దర్జీ ఊహించుకోలేదు. ఊహించుకుని ఉంటే భయపడేవాడు. చైర్మన్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. రెండుసార్లు ఊపిరి పీల్చాడు. మూడోసారికి ఆయన ముఖం మీదికి నవ్వు తిరిగి వచ్చింది. ఊరికే రాలేదు, రెట్టింపై వచ్చింది.

"ఈ రాయిని వెతికించి ఇవాళ మీ ముందు పెట్టించింది ఎందుకో ఇప్పుడర్థమైందా?" అన్నాడు. పన్నెండేళ్ళుగా ఈ వంతెన తన గుండెల్లో ఉందనీ, తన వాళ్ళే ద్వారం ద్వారం అని తనని తప్పుదారి పట్టించారనీ, ఏడో వార్డు తల్లుల కష్టం చూసి తనకి నిద్ర పట్టడం లేదనీ చెప్పాడు. చెబుతూ చెబుతూ తానే నమ్మేసి కళ్ళు తుడుచుకున్నాడు. తన వైపు నలుగురి చేతులూ లేపించాడు. అడితి మెంబరు పాపం చిక్కుల్లో పడ్డాడు. చైర్మన్ అవునన్నదానికి కాదనడం ఆయన వ్రతం, కానీ దర్జీతో పాటు ఎత్తిన చెయ్యి అప్పటికే పైన ఉంది. దించితే ఫోటోలో పడుతుంది. అలా వంతెన ఏకగ్రీవమైంది.

అందరూ టీ తాగుతుండగా చైర్మన్ దర్జీ భుజం పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. కోపం ఏ మూలా కనిపించలేదు, అందుకే దర్జీకి భయం వేసింది.

"మంచి పని చేశావు తమ్ముడూ. ఆదివారం ఈ రాయే కాలువ గట్టున పాతేద్దాం. నేనే ఆవిష్కరిస్తాను. నాలుగు నెలల్లో ఎన్నికలు, ఇంతకంటే ఏం కావాలి? కానీ ఈ టీ మరకల గుడ్డతో వద్దు. ఫోటో చూసి నలుగురూ నవ్వుతారు. మఖమలు తెర లేకుండా నేను తాడు ముట్టుకోను. చెప్పు, ఎప్పటికిస్తావు?"

రాయి నేను పన్నెండేళ్ళ కిందే చూశాను అన్న కాజాల అత్త గొంతు దర్జీ చెవిలో మళ్ళీ మెదిలింది. ఆదివారం రాయి పాతుతారు. ఫోటో వస్తుంది. ఎన్నికలయ్యాక ఏదో ఒక వానాకాలంలో రాయి మళ్ళీ లేచి మేస్త్రి పెరట్లోకి నడుస్తుంది. ఆయన గ్లాసు కిటికీలో పెట్టి, ముప్పై ఏళ్ళుగా తన నోట నానిన మాట, ఈసారి పూర్తిగా తెలిసే అన్నాడు.

"రేపు."

*

ఆదివారానికి తెర రాలేదు. పై ఆదివారానికీ రాలేదు. చైర్మన్ అటెండరుని పంపాడు, మేనల్లుడిని పంపాడు, చివరికి ఇంకో దర్జీకి కబురు పెట్టాడు. ఇంకో దర్జీ వచ్చి, గుడ్డకి కత్తెర పడిందని చూసి, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయాడు. చైర్మన్ స్వయంగా వస్తే దర్జీ చాలా వినయంగా తన ఇబ్బంది చెప్పుకున్నాడు. తెర పొడవు తెలియాలంటే రాయి ఎంత ఎత్తున నిలబడుతుందో తెలియాలి. గట్టు మీద పాతితే మళ్ళీ వానకి పడుతుంది, అన్నగారి పేరు మళ్ళీ బురదలో పడుతుంది, అది తాను చూడలేడు. వంతెన పిట్టగోడలో బిగిస్తే వందేళ్ళుంటుంది. కాబట్టి పిట్టగోడ కొలత కావాలి.

పిట్టగోడ ఎక్కడుందని చైర్మన్ గద్దించాడు. అదే తానూ అడుగుతున్నానన్నాడు దర్జీ.

పిట్టగోడ కావాలంటే వంతెన పలక కావాలి. పలక కావాలంటే కింద దిమ్మెలు కావాలి. ఎన్నికలు దగ్గరకొస్తున్నాయి, ఏకగ్రీవ తీర్మానం అందరి నోళ్ళలో నానుతోంది, అడితి మెంబరు రాయి ఏదని రోజూ ఆఫీసుకొచ్చి అడుగుతున్నాడు. చైర్మన్ బూతులు తిట్టుకుంటూనే కంట్రాక్టరు మెడ మీద కూర్చున్నాడు. దిమ్మెలు లేచాయి. ఇనుప చువ్వలు కట్టారు. పలక పోసిన రోజు దర్జీ భార్యతో సహా వెళ్ళి చూసి వచ్చాడు. దారిలో ఆవిడ, మీ సోమరితనం ఇలా పనికొస్తుందని పెళ్ళిచూపుల నాడు తెలిసి ఉంటే కొంచెం గౌరవంగా చూసేదాన్నని అంది. ఆయన దాన్ని మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నాడు.

రాయిని పిట్టగోడలో బిగించే ముందు మేస్త్రి ఆయనకి కబురు పెట్టాడు. సిమెంటు కలిపి ఉంచాడు. దర్జీ వెళ్ళి రాయి వెనకవైపు వంగి, చివరి వరస గాడిలో వేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి 'గారు' దాకా ఒకసారి నడిపించాడు. వెనక నుంచి కాజాల అత్త వచ్చి, ఎన్నో వరసలో ఉన్నావని అడిగింది. చివరి వరసన్నాడు. తన కుట్లు కూడా ఎవరికీ కనబడని చోటే ఎక్కువుంటాయని ఆవిడ చెప్పి, తానూ వంగి ఆ అక్షరాలు కాజాలు తడిమినట్టు తడిమింది. "గట్టిగా ఉన్నాయిలే," అంది. తరువాత మేస్త్రి సిమెంటు పూశాడు. దర్జీ కాసేపు అటువైపు చూడలేక కాలువ వైపు చూశాడు.

మర్నాడు దర్జీ ఒక్కరోజులో మఖమలు కుట్టేశాడు. అటు రెక్క, ఇటు రెక్క, కింద మూడు వేళ్ళ మడత. అంత తొందరగా ఆయన ఏదీ కుట్టలేదు. అటెండరు వచ్చేసరికి ఇస్త్రీ చేసి మడత పెట్టి ఉంచాడు. అటెండరు నోరు తెరిచాడు. తెర తీసుకుని వెళ్ళబోతే దర్జీ ఆపి, ఇంకా ఒకే ఒక్క పని ఉందన్నాడు. తాడు దూరడానికి పై అంచున పన్నెండు కాజాలు కుట్టాలి. అవి తన చేతిలో లేవు.

ఇద్దరూ తెర పట్టుకుని కాలువ దగ్గరికి నడిచారు. కాజాల అత్త అప్పుడే వంతెన మీద నుంచి ఇటు వస్తోంది. కాళ్ళకి చెప్పులున్నాయి. నెత్తిన మూట ఉంది, దాన్ని పట్టుకోవడానికి చెయ్యి కూడా ఎత్తలేదు. వంతెన నడుమ కాసేపు ఊరికే నిలబడి, కాలుతో రెండుసార్లు తట్టి చూసి, మళ్ళీ నడిచింది.

అటెండరు తెర చూపించి, చైర్మన్ గారు ఎల్లుండికే ముహూర్తం పెట్టారనీ, పన్నెండు కాజాలు ఎప్పటికవుతాయో చెప్పమనీ బతిమాలాడు. ఆవిడ మూట దించుకుని, మఖమలు అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది. తరువాత తల తిప్పి వంతెన చూసింది. ఇటువైపు పిట్టగోడ అయిపోయింది, అందులో రాయి నిలబడి ఉంది. అటువైపు పిట్టగోడ ఇంకా లేవలేదు, నాలుగు చువ్వలు ఆకాశంలోకి నిక్కి ఉన్నాయి.

ఆవిడ తెర మడిచి చంకలో పెట్టుకుంది.

"రేపు," అంది.